కొండకు గుండు

మా మునిమనవడికి తిరుమలలో గుండు కొట్టించుకొని వచ్చినారు. వాడి తల మీది గంధం వాసనకు నాయన నరికిన కొండ గుర్తుకొచ్చింది.

అది యుద్ధకాలం. బియ్యం దొరికేవి కావు. చెనిక్కాయ వేద్దామని నాయన మా ఊరి వెనక కొండవాలులో చెట్లు కొట్టి కాల్చినాడు. ఆ వారమే మొక్కు తీర్చాలని నాకూ గుండు కొట్టించినారు. నేను ఏడస్తా ఉంటే, "మళ్లా వస్తాది లేమ్మా," అనింది అమ్మ.

సద్ది తీసుకొని పోయి, బోడిగా ఉన్న వాలు చూసి, "కొండకి కూడా మొక్కుండాదా నాయనా?" అని అడిగినా.

"ఉండాది లే," అన్నాడు, గొడ్డలి దించకుండానే.

నేను నమ్మినా. రోజూ నా తల తడుముకొని, ఆనక మోళ్లు తడిమేదాన్ని. వానలు పడినాక నా తల గరగరమనింది, మోళ్ల మీద ఎర్రటి చిగుర్లు వచ్చినాయి. సంతోషంగా పోయి చెప్పినా. నాయన వచ్చి ఆ చిగుర్లు కోసి మేకలకు వేసినాడు.

"ఇవి పెరిగితే మనమేం తినాల బిడ్డా?"

రెండేళ్లు కాయ బాగానే పండింది. మూడో ఏడు వానకు మన్నంతా కొట్టుకపోయి రాళ్లు తేలినాయి. నాయన గొడ్డలి తీసుకొని ఇంకొంచెం పైకెక్కినాడు. ఆయన్ని ఏమనగలను, ఆ కాయలు తినే పెరిగినా.

నా జుట్టు నడుము దాకా పెరిగింది, నెరిసింది, ఊడిపోయింది కూడా. వాలు మాత్రం అట్లే ఉండాది.

మునిమనవడు తల తడుముకుంటా, "మళ్లా వస్తాదా అవ్వా?" అని అడిగినాడు.

"నీది వస్తాది లేరా," అన్నాను.