పంపు పక్కన నోరా చోటు

టమాటా మొక్కకు పక్క చిగుళ్ళు గిల్లితే వేళ్ళకు ఒక పచ్చి వాసన అంటుకుంటుంది. ఎంత సబ్బు రుద్దినా ఓ పట్టాన వదలదు. ఇవాళ పొద్దున రింగాస్కిడీలో మా మందుల కంపెనీ ల్యాబులో గ్లోవ్స్ తొడుక్కోబోతుంటే ఆ వాసన గుప్పుమంది. నిన్న సాయంత్రం పెరట్లో గిల్లిన చిగుళ్ళది. ల్యాబు నియమాల ప్రకారం మళ్ళీ చేతులు కడుక్కోవాలి, కడుక్కున్నాను కూడా. కాకపోతే ముందు అటూ ఇటూ చూసి, ఎవరూ లేరని తేలాక, వేళ్ళు ఒకసారి ముక్కు దగ్గర పెట్టుకున్నాను. నాకు అది నోరా వాసన. ఆవిడ కార్డిగన్ జేబుల్లోనూ, జుట్టులోనూ, చివరికి ఆవిడ ఇచ్చే టీ కప్పు పిడి మీద కూడా అదే ఉండేది. మీరెవరూ నోరాని చూసి ఉండరు. అందుకే ఇది రాయాలనిపించింది.

మేముండేది ఐర్లండ్‌లో, కార్క్ కౌంటీలో ఒక చిన్న సంత ఊరు. ఊరి మధ్యలో నలుచదరంగా ఖాళీ జాగా, దాన్ని ఇక్కడివాళ్ళు స్క్వేర్ అంటారు. చుట్టూ మేడలు, ఒక మూల నీళ్ళు రాని పాత ఇనప పంపు. మేం ఇక్కడికి ఊరి మీద ప్రేమతో రాలేదు, అద్దె తక్కువని వచ్చాం. మా తెలుగు స్నేహితులందరూ డబ్లిన్ వైపు ఆడమ్స్‌టౌన్‌లో పక్కపక్క ఇళ్ళల్లో ఉంటారు, ఒకరింట్లో పోపు పెడితే ఇంకొకరింట్లో తుమ్ములు. మావారు మురళి వచ్చిన రోజు నుంచీ ఒకటే పాట. “ఈ లీజు అయిపోనీ, మనమూ అటే పోదాం. నీకు అక్కడ కూడా ఫార్మాలో ఉద్యోగం దొరక్కపోదు.” నేనూ తలూపేదాన్ని. పొరుగువాళ్ళు వాతావరణం గురించి తప్ప ఏమీ మాట్లాడని ఊళ్ళో ఎన్నాళ్ళని ఉంటాం?

మా పెరటి గోడకి అవతల నోరా పెరడు. ఆవిడ మేడ ముందువైపు స్క్వేర్ మీదికి ఉంటుంది. కింది అంతస్తులో ఒకప్పుడు వాళ్ళ నాన్నగారి ఇనప సామాన్ల కొట్టు, తర్వాత ఆవిడది, తర్వాత తాళం. కొట్టు మూసేశాక పెరట్లో గాజు గదిలో నారు పెంచి, శనివారం సంతలో పంపు పక్కన వాళ్ళ కుటుంబం పాత చోటులో బల్ల వేసుకుని అమ్మేది. మొదటిసారి గోడ మీంచి క్యాబేజీ నారు అందించినప్పుడు, డెబ్బై దాటిన మనిషిని పేరు పెట్టి పిలవడానికి నోరు రాక, “థాంక్యూ ఆంటీ” అన్నాను. ఆవిడ కళ్ళజోడు సర్దుకుని, “నాకు అన్నదమ్ములూ లేరు, అక్కచెల్లెళ్ళూ లేరు. నేను ఎవరికీ ఆంటీని కాలేదు, అమ్మాయ్” అంది. పక్కనే ఉన్న మా హాసిని సిగ్గుతో ముడుచుకుపోయి, “మామ్, షీ ఈజ్ నాట్ యువర్ ఆంటీ, లైక్” అంది అచ్చమైన కార్క్ యాసలో. నోరా ఆ పిల్ల వంక చూసి, “ఇప్పుడు అయ్యాను, నువ్వు మధ్యలో రాకు” అంది. ఆవిడ నాకు ఆంటీ అయింది అలాగే.

కరోనా వచ్చింది. డెబ్బై దాటినవాళ్ళు గడప దాటకూడదన్నారు. ఇక్కడ దానికి కకూనింగ్, అంటే పట్టుగూట్లో దాక్కోవడం, అని ముద్దుపేరు కూడా పెట్టారు. నోరాకి అసలే ఊపిరితిత్తులు బలహీనం. ఆవిడ డాక్టరు ఫోన్ చేసి గట్టిగా హెచ్చరించాడట. ఆవిడకి కావలసిన సరుకులు నేను తెచ్చేదాన్ని. తలుపు దగ్గర పెడితే ఆవిడ మెట్లు దిగి రావాలి, ఎక్కడం ఆయాసం. అప్పుడు నాకు గుంటూరులో మా పిన్ని వాళ్ళ అపార్ట్‌మెంట్ గుర్తొచ్చింది. మూడో అంతస్తు బాల్కనీ నుంచి బుట్టకి తాడు కట్టి దింపి, కూరలబ్బాయితో బేరమాడేది మా పిన్ని. నోరాకి చెప్పాను. మర్నాటికల్లా కిటికీలోంచి బుట్ట దిగింది, పాత కొట్టులో మిగిలిన నీలం తాడుతో. “ఇన్నేళ్ళు తాడు అమ్మాను కానీ ఈ తెలివి నాకు రాలేదు” అని చిన్నపిల్లలా సంబరపడింది.

ఆ కిటికీ కిందే నాకు ఈ ఊరి చరిత్ర తెలిసింది. బుట్ట పైకి వెళ్ళేది కానీ నోరా నన్ను మాత్రం ఇంటికి వెళ్ళనిచ్చేది కాదు. “అదిగో, ఆ మూసిన బ్యాంకు ముందు గొర్రెలు. అటువైపంతా ఆవులు. పశువుల సంత రోజు తెల్లారేసరికి స్క్వేర్ కిటకిటలాడేది. అద్దాలు పగలగొడతాయని ప్రతి కొట్టు ముందూ చెక్కలు అడ్డం కట్టేవాళ్ళం. వారం దాకా ఊరంతా పేడ కంపు. మా అమ్మ తిట్టని తిట్టు లేదు, లెక్క చూసుకునేటప్పుడు మాత్రం తిట్టేది కాదు” అని నవ్వేది. ఖాళీ స్క్వేర్‌లో నేనొక్కదాన్నే మాస్కు పెట్టుకుని తల పైకెత్తి నిలబడి ఉంటే, ఆవిడ చెబుతుంటే, నిజంగా గిట్టల చప్పుడు వినిపించేది.

“తర్వాత ఏమైంది?” అని అడిగాను ఒకరోజు.

“ఊరి బయట పశువులకి వేరే మార్ట్ కట్టారు. ఊరు శుభ్రపడింది, పబ్బులు బోసిపోయాయి. తర్వాత రైలు పట్టాలు పీకేశారు. తర్వాత పాల కేంద్రం మూసేశారు. తర్వాత బైపాస్ పక్కన సూపర్‌మార్కెట్ వచ్చింది, మా కొట్టు పోయింది. తర్వాత మీరు.”

“మేమా? మేమేం చేశాం ఆంటీ?”

“మీ మందుల ఫ్యాక్టరీలు. మా పిల్లలంతా కార్లెక్కి రింగాస్కిడీ పోయారు. దానికి బదులుగా రింగాస్కిడీ నిన్ను ఇటు పంపింది.” ఆ మాటలో నిష్ఠూరం లేదు. “ప్రతిసారీ ఇక ఈ ఊరి పని అయిపోయిందన్నారు. నేను ఉయ్యాల్లో ఉన్నప్పుడూ అదే అన్నారట.”

వేసవి మొదట్లో సంత మళ్ళీ తెరవచ్చన్నారు. నోరా కంటే నేనే ఎక్కువ సంతోషించాను. కానీ బల్లకీ బల్లకీ మధ్య ఎడం ఉండాలి కాబట్టి చోట్లు తగ్గిపోయాయి. ఊరి ఆఫీసు నుంచి ఒకాయన టేపు పట్టుకుని వచ్చి నేల మీద సుద్దగీతలు గీశాడు. ఈ సంతలో ఒక పద్ధతుంది. తరతరాలుగా ఏ కుటుంబం చోటు ఆ కుటుంబానిదే, ఇంకొకరు అందులో బల్ల వేయరు. అయితే మనిషి వచ్చి నిలబడినంత కాలమే అది వాళ్ళది. ఆయన కిటికీ కింద నిలబడి చాలా మర్యాదగానే చెప్పాడు. “ఈ వేసవిలో మీరు రాలేకపోతే పంపు పక్క చోటు కాఫీ బండికి ఇవ్వాల్సి వస్తుంది, నోరా.” నోరా కిటికీ మూసేసింది. నేను కింద ఉండగా ఆవిడ కిటికీ మూయడం అదే మొదటిసారి. భయమేసింది. కొట్టు పోయాక ఆవిడకి మిగిలింది ఆ చోటొక్కటే.

ఆ సాయంత్రం ఆయాసపడుతూనే పెరట్లోకి దిగి, గోడ అవతల నుంచి పిలిచింది. “నువ్వు నా బదులు నిలబడతావా, అమ్మాయ్? ఎవరో ఒకరు నిలబడితే చాలు, చోటు ఉంటుంది.”

“నాకు అమ్మడం రాదు ఆంటీ. మా ఇంటావంటా ఎవరూ ఏదీ అమ్మలేదు. కొనడమే.”

“మరీ మంచిది. కొనేవాళ్ళ సంగతి నీకు తెలుసన్నమాట.”

నేను ఏ పనికి దిగినా మా ల్యాబు బుద్ధి ముందు దిగుతుంది. మొక్క మొక్కకీ లేబుల్ అంటించాను. పేరు, ధర, విత్తిన తేదీ, బ్యాచ్ నంబరు. మురళి చూసి, “ఎక్స్‌పైరీ డేట్ కూడా వెయ్యకపోయావా” అని ఆటపట్టించారు. శనివారం పంపు పక్కన బల్ల సర్ది, కార్డు మెషిన్ పెట్టుకుని నిలబడ్డాను. మొదట వచ్చినాయన డెనిస్ అనే ముసలి రైతు. ఆయన ఏది ఎక్కడ కొంటే మిగతావాళ్ళూ అక్కడే కొంటారని నాకు తర్వాత తెలిసింది. క్యాబేజీ నారు తీసుకున్నాడు, డబ్బిచ్చాడు, కదలకుండా నిలబడ్డాడు. నా వంక చూశాడు. నేను ఆయన వంక చూశాను. రసీదు కోసమేమో అనుకుని, “సారీ, రసీదు లేదండీ” అన్నాను. “గ్రాండ్” అని ముక్తసరిగా అని వెళ్ళిపోయాడు. ఈ దేశంలో గ్రాండ్ అంటే బాగుందనీ కావచ్చు, బొత్తిగా బాగాలేదనీ కావచ్చు. మూతి చూసి పోల్చుకోవాలి. ఆయన మూతి నేను చూశాను. మధ్యాహ్నం దాకా నా బల్ల దగ్గరికి ఇంకెవరూ రాలేదు. చీజ్ అమ్మే బల్ల దగ్గర మాత్రం వరుస కట్టారు.

పైన నోరా కిటికీ తెరుచుకుంది. “డెనిస్‌కి ఏమిచ్చావ్?”

“అడిగినవే ఇచ్చాను. లేబుల్ మీద ఉన్న ధరే తీసుకున్నాను.”

“లక్‌కి ఏమిచ్చావ్?”

నాకు అర్థం కాలేదు. అప్పుడు చెప్పింది. పశువుల సంతలో ఆవును అమ్మినవాడు పుచ్చుకున్న సొమ్ములోంచి ఒక నాణెం తీసి కొన్నవాడి చేతిలో పెట్టేవాడట. లక్ పెన్నీ అనేవాళ్ళు. అది పెడితేనే బేరం ముగిసినట్టు, మళ్ళీ రమ్మని పిలిచినట్టు. వాళ్ళ నాన్నగారు కిలో మేకులకి పైన నాలుగు మేకులు వేసేవారట. “ఊరికే డబ్బు తీసుకుని నిలబడితే, ఇక నీతో నాకు పని లేదు పో అన్నట్టు” అంది నోరా.

నాకు నవ్వాగలేదు. సుద్దగీతల మధ్య నిలబడి పెద్దగా నవ్వాను. కొసరు! మా అమ్మ గుంటూరు రైతుబజారులో కొసరు పడందే సంచీ మూతి మూసేది కాదు. కాస్త కరివేపాకు, రెండు పచ్చిమిరపకాయలు, అది ఆవిడ హక్కు. నేనేమో ఈ దేశం వచ్చిన కొత్తలో, వీళ్ళ దగ్గర అవన్నీ అడిగితే నామోషీ అని, లేబుల్ చూసి, కార్డు తాకించి, తల దించుకుని వచ్చేయడం కష్టపడి నేర్చుకున్నాను. నేర్చుకున్నానని గర్వపడ్డాను కూడా.

“మా దగ్గరా ఉంది ఆంటీ. మీ దగ్గర ఉండదనుకున్నాను.”

“ఎవరు చెప్పారు నీకు?”

“సూపర్‌మార్కెట్.”

“మాకూ అదే చెప్పింది” అంది నోరా.

మా వంటింటి ధనియాలు అప్పడాల కర్రతో నలిపి చల్లిన కొత్తిమీర అప్పటికి పెరట్లో బాగా వచ్చింది. మరుసటి శనివారం లేబుళ్ళు పీకేశాను. కొన్న ప్రతివాళ్ళకీ పైన ఒక కొత్తిమీర కట్ట పెట్టాను. డెనిస్ దూరంగా జీపు దగ్గర నిలబడి చూస్తున్నాడు. రాడని తెలిసి నేనే స్క్వేర్ దాటి వెళ్ళి, “పోయిన వారం మన బేరం పూర్తి కాలేదు” అని చెయ్యి చాచి కట్ట అందించాను. వాసన చూసి మొహం చిట్లించాడు. “దీన్నేం చెయ్యను?” “ఉడకబెట్టిన బంగాళాదుంపల మీద చల్లండి.” ఆ తర్వాతి వారం వచ్చి, “నాకైతే సబ్బులా ఉంది. మా ఆవిడ మాత్రం ఇంకా కావాలంటోంది” అన్నాడు. ఇంక చెప్పేదేముంది, వేసవి అంతా నా బల్ల ముందు జనమే. టేపు పట్టుకొచ్చిన ఆఫీసాయన కూడా టమాటా మొక్క కొని, వెళ్ళకుండా నిలబడ్డాడు. పై కిటికీలోంచి నోరా, “పెట్టు, పెట్టు, వాడికీ పెట్టు!” అని అరిచింది. నోరా చోటు నోరా చోటుగానే ఉండిపోయింది.

మరుసటి వసంతంలో ఆవిడ పోయింది, తన మంచం మీదే, నిద్రలో. అప్పటికి అంత్యక్రియలకు చర్చి లోపలికి పదిమందినే రానిచ్చేవారు. అందుకని ఊరంతా స్క్వేర్‌లో నిలబడింది. సంతలో అమ్మేవాళ్ళు ఎవరి చోటులో వాళ్ళు, బల్లలు లేకుండా. నేను పంపు పక్కన. శవాన్ని తీసుకెళ్ళే నల్లకారు ఆనవాయితీ ప్రకారం ఆవిడ కిటికీ కింద కాసేపు ఆగింది. నేను కిటికీ గట్టు మీద కుండీలో పెంచిన కొత్తిమీర కట్ట ఒకటి కోటు జేబులో పెట్టుకుని వచ్చాను. కానీ ఇంతమందిలో ఎలా పెట్టడం, ఏమనుకుంటారో అని చేతులు కట్టుకుని నిలబడ్డాను. ఎడంగా నిలబడ్డ డెనిస్ టోపీ తీసి, నా వైపు చూడకుండానే, “పెట్టమ్మా. అది లేకుండా ఆవిడ కదలదు” అన్నాడు. వెళ్ళి కారు ముందు భాగం మీద పెట్టాను. అప్పుడు ఏడ్చాను. కారు కదిలింది.

లీజు అయిపోయింది, ఇంకో లీజు రాశాం. ఆడమ్స్‌టౌన్ మాట మురళి ఎత్తడం మానేశారు. ఇప్పుడు ఆ కిటికీకి ఎవరివో కొత్త తెరలు. పోయిన శనివారం పంపు పక్కన నా బల్ల దగ్గరికి ఒక అమ్మాయి వచ్చింది. మెడలో మా పక్క ఫ్యాక్టరీ ట్యాగు, చెవిలో ఫోన్, “ఆఁ అమ్మా, ఇక్కడ అంతా బాగానే ఉంది” అని తెలుగులో చెబుతూ, ఏడుపు దిగమింగుతూ. పలక మీద ధర చూసి, కార్డు తాకించి, మిరప మొక్క తీసుకుని తల దించుకుని గబగబా నడిచిపోతోంది. అచ్చం నేనే.

“ఆగమ్మా!” అని స్క్వేర్ అంతా వినిపించేలా కేకేశాను. “కొసరు తీసుకోకుండా వెళ్ళిపోతావేం?”