మూడు చుట్ల ముడి

మదనపల్లెలో ఫైర్ స్టేషన్లో పనిచేసేటప్పుడు నాకు కోపం ముక్కు మీదే ఉండేది. ఒకరోజు పుంగనూరు పక్క పల్లె నుంచి ఫోనొచ్చింది. మోటారు బాగుచేయడానికి దిగిన రైతు కాలు జారి బావిలో పడ్డాడట. మేం పోయేసరికి ఊరంతా గట్టు మీదే ఉంది. లోపల నీళ్లు మోకాలి లోతే. కాలు విరిగిన మనిషి బండకు ఆనుకుని మూలుగుతున్నాడు.

"ఈ రాతికి కట్టప్పా తాడు," అన్నాడొక పెద్దాయన, ఎద్దులతో కపిలి తోలి నీళ్లు తోడిన కాలంలో గట్టున నిలువుగా పాతిన రాతికూసాన్ని చూపించి. "మా తాత నాటింది. రెండెద్దులు గుంజినా కదల్లా."

భుజంతో నెట్టి చూశాను. కదిలింది. బావిని లోతు చేయడానికి మందు పెట్టి పేల్చినప్పుడే దాని మొదలు వదులైపోయినట్టుంది. పెద్దాయన ముఖం చిన్నబోయింది. నాకు జాలిపడే తీరిక లేదు. వెనకున్న చింతచెట్టు మొదలుకు పట్టీ చుట్టి, దానికి కట్టిన సన్నతాడును, రైతును పైకి లాగబోయే పెద్దతాడు మీద మూడు చుట్లు తిప్పి ముడేశాను. ఆ ముడి చేత్తో జరిపితే జరుగుతుంది, బరువు పడితే బిగుసుకుని ఆగిపోతుంది.

"ఈ దారం ఆపుతాదా అప్పా మా ఆయన్ని?" తాడు పట్టుకున్న వరసలో ముందు నిలబడిన రైతు భార్య అడిగింది.

ముడి మీద నా బరువంతా వేసి చూపించాను. "ఆపుతాదిలేమ్మా. నువ్వు గుంజు."

మావాడొకడు దిగి రైతుకు బెల్టు తొడిగాడు. బావి అంచున తాడు ఒరుసుకోకుండా గోనెసంచి వేశాం. పదిమంది గుంజుతుంటే, నేను ముడిని బావి వైపు జరుపుతూ వచ్చాను.

అంచు దగ్గర తల కనిపించింది.

"వచ్చినాడు! వచ్చినాడు!" అంటూ అందరూ తాడు వదిలేసి అతన్ని చూడ్డానికి పరుగెత్తారు!

ముడి కిర్రుమని బిగిసింది. తాడు జానెడు జారి ఆగింది. ఇక్కడ రాయలేని మాటలన్నీ తిట్టాను. నలుగురు వంగి అతని చంకల కింద పట్టుకుని పైకి లాగారు.

అప్పుడు చూశాను. రైతు భార్య ఒక్కతే కదల్లేదు. మడమలు నేలకు తన్నిపెట్టి, కళ్లు మూసుకుని, తాడును రొమ్ముకు అదుముకుని ఉంది.

"వచ్చేసినాడమ్మా, వదులు."

కళ్లు తెరిచి, ఒక్కో వేలూ విప్పి వదిలింది. "నేనూ వదిలేసుంటే ఏమయ్యుండునప్పా?"

బరువంతా ముడి మీదే ఉండిందని నాకు తెలుసు.

"పడిపోయుండేవాడమ్మా," అన్నాను.