చిన్న మోటరుకు పెద్ద స్టార్టరు

సోమవారం. నీళ్ళు ఆరు బిందెలు, రెండు కుంచాల జొన్నలు విసరడం, కూలీలకు అంబలి పంపడం. ఇవి అయ్యేసరికి కల్వకుర్తి బస్సు దిగినవాళ్ళు చెప్పారు: మోటరు మేస్త్రి పొద్దున పోయాడట.

మా ఊళ్ళ బావులకు కరెంటు కొత్తగా వచ్చినప్పుడు, కాలిన మోటర్లకు మళ్ళీ తీగ చుట్టింది ఆయనే. వస్తూనే చెప్పులు విడిచి, నడుస్తున్న మోటరు మీద అరచెయ్యి ఆనించి, పైకి పది లెక్కపెట్టేవాడు. "అక్కా, పది దాక కాకకు చెయ్యి ఆగకుంటే బంద్ చెయ్యిండ్రి. సల్లబడ్తదని తడి గోనె కప్పకుండ్రి" అని నాకూ నేర్పాడు. మోటరు బాగయ్యేదాకా మజ్జిగ కూడా ముట్టేవాడు కాదు.

ఆయన పోయాడన్న బాధకంటే నాకు కోపమే ఎక్కువగా ఉంది. ఎందుకో చెబుతాను.

మూడేళ్ళ కింద, ఆయన తీగ చుట్టి ఇచ్చిన మా మూడు హార్స్‌పవర్ మోటరు నడుస్తూ నడుస్తూ ఆగిపోసాగింది. మేస్త్రి వచ్చి పంపు ఇరుసును చేత్తో తిప్పబోతే కదల్లేదు. నీళ్ళు కారకుండా మావారి అన్న, మా బావగారు, ఇరుసు చుట్టూ దారం మరీ బిగించి కుక్కారు. మేస్త్రి దాన్ని వదులు చేశాడు.

"బొట్టు బొట్టు కారనియ్యి పటేలా. బరువెక్కువై స్టార్టరు ఆపుతాందంటే మోటరును కాపాడుతాంది."

ఆయన అటు పోగానే బావగారు మళ్ళీ బిగించారు. మోటరు మళ్ళీ ఆగింది. అప్పుడు ఎక్కడినుంచో ఐదు హార్స్‌పవర్ మోటరుకు పెట్టే స్టార్టరు తెచ్చి తగిలించారు. "పెద్దదైతే బలం గదా!" అని నవ్వారు కూడా. ఎంత బరువు పడ్డా అది మోటరును ఆపలేదు. నాలుగో రోజు మోటరే పొగలు కక్కింది. మేస్త్రికి కబురు చేసేముందు బావగారు పెద్దదాన్ని తీసి దాచి, పాత స్టార్టరును ఎప్పటిలాగే బిగించారు. సద్దిగంపతో నేను అక్కడే ఉన్నాను.

"ఖరాబు తీగ చుట్టిండు వీడు!" అని మేస్త్రి రాగానే ఊరందరి ముందూ అరిచారు బావగారు. మేస్త్రి స్టార్టరు స్క్రూల మీది కొత్త గీతలు చూశాడు. తరువాత నా వైపు చూశాడు. నేను తల వంచుకున్నాను. ఆ తరువాత మా చుట్టుపక్కల ఆయనను పిలిచినవాళ్ళు లేరు. పని కోసం సైకిలు మీద దూరం ఊళ్ళకు తిరిగాడు. అయినా ఎదురుపడితే "బాగున్నవా అక్కా" అనడం మానలేదు. ఆ మంచితనం మీదా నాకు కోపమే.

ఈ రోజు వాళ్ళింటి ముందు, శవం మీద బంతిపూల దండ వేసి, "బంగారమసుంటి మనిషి" అన్నారు బావగారు. ఇక ఓర్చుకోలేకపోయాను.

"గా పెద్ద స్టార్టరు పెట్టిందెవరు బావా? మేస్త్రి రాకముందే తీసి దాచిందెవరు?"

"ఆడోళ్ళకేం ఎరుక మోటర్ల సంగతి!"

"నేను కండ్లార చూసిన. తీగ మంచిదే. తప్పు మనింటిది."

మేస్త్రి భార్య లేచి, దండ తీసి బావగారి చేతిలో పెట్టింది.

"తీస్కపో పటేలా. గీ మాట చాలు ఆయనకు."

మూడేళ్ళుగా ఆయనకు నేను బాకీ పడ్డ మాట అదే. చెల్లించాను. బావగారు దండను గోడ మీద వదిలి వెళ్ళిపోయారు. పాడె లేచేసరికి ఒక మేక దాన్ని కిందికి లాగి, పువ్వు పువ్వూ తెంపి నములుతున్నది. ఎవరూ అదిలించలేదు.