డాక్టరమ్మ పెట్టిన పేరు

మా వైపు కన్నతల్లిని అవ్వ, తండ్రిని బాపు అంటారు. నా తర్వాత మా అవ్వకు ఇద్దరు మగపిల్లలు పుట్టి, ఇద్దరూ పాలు మరవకముందే పోయారు. రెండోవాడు పుట్టగానే మా బాపమ్మ, అంటే బాపును కన్నతల్లి, వాణ్ణి చేటలో వేసి పెంటకుప్ప మీద పడుకోబెట్టింది. పక్కింటామె గుప్పెడు తవుడిచ్చి కొనుక్కున్నట్టు తీసుకొచ్చి అవ్వ ఒళ్ళో పెట్టింది. ఎవరికీ అక్కర్లేని పిల్లవాడనుకుని చావు అటు చూడదని నమ్మకం. పెంటయ్య అని పేరు పెట్టారు. వాడికి నవ్వడం వచ్చిన నెలలోనే జ్వరం వచ్చి పోయాడు.

నాలుగోసారి నొప్పులు మొదలై తెల్లవారినా కాన్పు కాలేదు. మా ఊరు ఎడపల్లిలో మంత్రసాని చేతులెత్తేసింది. బాపు ఎడ్లబండిలో గడ్డి పరిచి, అవ్వను పడుకోబెట్టి, నిజామాబాద్ తోలాడు. మావాళ్ళు దాన్ని ఇందూరనే అంటారు. ఇందూరు దవాఖానకు పోయినవాళ్ళు తిరిగి రారని బాపమ్మ దారి పొడుగునా గొణుగుతూనే ఉంది. ఇంట్లో చూసుకునేవాళ్ళు లేక నన్నూ బండెక్కించారు. నాకప్పుడు తొమ్మిదేళ్ళుంటాయేమో.

మిషన్ దవాఖానలో ఉన్నది ఒక దొరసాని డాక్టరమ్మ. కోస్తా వైపు ఎక్కడో తెలుగు నేర్చుకుందట. ఆమె మాట్లాడితే పుస్తకం చదివి వినిపిస్తున్నట్టుండేది. పిల్ల పుట్టింది గానీ ఏడవలేదు. తలుపు సందులోంచి చూశాను, నేరేడుపండు రంగులో ఉంది. డాక్టరమ్మ దాని నోటికి నోరానించి ఊదింది. వీపు రుద్దింది. మళ్ళీ ఊదింది. బాపమ్మ కొంగు నోట్లో కుక్కుకుని నిలబడింది. ఇక లేదనుకున్నాక పిల్లికూన అరిచినట్టు సన్నగా ఒక ఏడుపు వినపడింది. డాక్టరమ్మ గోడకు చేరగిలబడి, తనలో తాను, "జోయీ" అంది.

"ఏమన్నవమ్మా?" బాపమ్మ అడిగింది.

"అది గ్రీకు మాట, పెద్దమ్మా. మా వేదగ్రంథంలో కొంత భాగం ఆ భాషలోనే వ్రాశారు. మా తండ్రిగారు నాకు నేర్పారు. జోయీ అంటే బ్రతుకు. మా దేశంలో ఆడపిల్లలకు ఆ పేరు కూడా పెడతారు."

"జోయి," అని బాపమ్మ ఒకసారి పలికి చూసింది. "తొట్టెలల ఏసి జోకొట్టినట్టున్నది. బతుకంటే మన దగ్గర లేని మాటనా? బతుకమ్మ అని పెడదాం."

మంచం మీది నుంచి అవ్వ కళ్ళు తెరవకుండానే అంది. "వద్దత్తా. మనం పెట్టిన పేర్లు నిలువలే. గా అమ్మ నోట్ల ఏ మాటొచ్చిందో గదే ఉండనియ్యి."

అలా ఎడపల్లిలో ఒక రైతు బిడ్డకు ఎవరూ వినని పేరు వచ్చింది. తొట్టెలలో, అంటే ఉయ్యాలలో, వేసి పేరు పెట్టిన రోజు ఆ పేరు విని చుట్టాలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మతం పుచ్చుకున్నారా అని ఒకాయన బాపును పక్కకు పిలిచి అడిగాడు కూడా. బోధన్ సంతలో మరాఠీ గాజులామె మాత్రం "జాయీ" అనుకుని, జాజిపువ్వు పేరు, చాలా బాగుందని మెచ్చుకుంది. అవ్వ నవ్వి ఊరుకుంది, సరిదిద్దలేదు.

కాలువ నీళ్ళొచ్చి మా వైపు భూములు ఒక్కొక్కటే చెరకు తోటలవుతున్న రోజులవి. చెల్లె చెరకు నమిలి, పిప్పిని గట్టు మీద కుప్పగా పోసి, దాని పక్కన కాపలా కూర్చునేది. ఎద్దు దగ్గరికొస్తే "ఇది జోయిది!" అని అరిచేది. బాపు ఎంత పనిలో ఉన్నా ఆ అరుపు విని నవ్వేవాడు. అవ్వ దాన్ని ముద్దుపేరుతో పిలవగా నేను వినలేదు. పనికిమాలిన మాటకు కూడా పూర్తిపేరుతోనే పిలిచేది. పిలిచినప్పుడల్లా ఆ అర్థం ఇంకొంచెం గట్టిపడుతుందని అనుకునేదేమో.

నీళ్ళతో పాటు దోమలూ వచ్చాయి. చెల్లె చక్కగా మాటలు చెబుతున్న ఏడు, వానాకాలంలో చలిజ్వరం పడని ఇల్లు లేదు. దానికి రోజు విడిచి రోజు వచ్చేది. మొదట కషాయాలు పోశారు. తర్వాత బోధన్ నుంచి బాపు చేదు బిళ్ళలు తెచ్చాడు, మింగించినవి మింగించినట్టే కక్కేసింది. నిజామాబాద్ తీసుకుపోదామని బండి కట్టిన రోజు వాగు పొంగి ఉంది. నీళ్ళు తగ్గుతాయని ఒడ్డున ఎదురుచూస్తుండగా, మధ్యాహ్నం, చెల్లె అవ్వ ఒళ్ళోనే పోయింది. వాన కురుస్తూనే ఉంది. బాపు బండి వెనక్కి తిప్పాడు.

అవ్వ ఏడవలేదు. నెల తిరిగాక ఒక పొద్దున కొత్త చీర కట్టుకుని, ఇందూరు పోతానంది.

"ఇప్పుడు పోయి ఏం జేస్తవే?" అన్నాడు బాపు.

"పేరు పెట్టిన మనిషికి చెప్పొద్దా?" అంది అవ్వ.

నన్ను తోడు తీసుకుపోయింది. వరండా నిండా రోగులున్నారు. డాక్టరమ్మ అవ్వను చూడగానే గుర్తుపట్టి, "జోయీ ఏది?" అని సంతోషంగా మా వెనక వెతికింది.

"లేదమ్మా. జ్వరమొచ్చి పోయింది."

డాక్టరమ్మ అక్కడే బల్ల మీద కూర్చుండిపోయింది. అవ్వ చేతులు పట్టుకుని మెల్లగా చెప్పింది. "ఆ భాషలో బ్రతుకునకు రెండు మాటలున్నవి. తినుట, తిరుగుట, ఏళ్ళు గడుపుట, దానికి ఒక మాట. చావు ముట్టుకోలేని బ్రతుకునకు వేరొక మాట. జోయీ ఆ రెండవది. అది పోయేది కాదమ్మా."

అవ్వ తల వంచుకుని అంతా విన్నది. తర్వాత అంది. "నాకు గంత పెద్ద బతుకొద్దుండె తల్లీ. తిని తిరిగే బతుకుంటే సాలు. గా మొదటి మాట పెట్టకపోతివి."

ఆ మాటలో కోపం లేదు. అందుకే డాక్టరమ్మ తట్టుకోలేకపోయింది. కళ్ళద్దాలు తీసి మొహం తుడుచుకుంది. మళ్ళీ దేవుడి మాట ఎత్తలేదు. "ఎట్లా ఉండేది? నాకు చెప్పండి," అంది.

అవ్వ చెప్పడం మొదలుపెట్టింది. చెరకు పిప్పికి కాపలా కాయడం, నా జడ పట్టుకుని వెంట తిరగడం, ఉరుము వింటే బాపమ్మ కొంగులో దూరడం. చెబుతూ చెబుతూ, ఆ నెలలో మొదటిసారి, బావురుమంది. రోగులు ఎదురుచూస్తూనే ఉన్నారు. డాక్టరమ్మ లేవలేదు.

రెండేళ్ళకు తమ్ముడు పుట్టాడు. కాన్పు ఇంట్లోనే సులువుగా అయింది. పేరేం పెడదామని బాపు అడిగితే అవ్వ, "తొందరేమున్నది? ఉండనియ్యి," అంది. వాణ్ణి చాలాకాలం, ఊళ్ళో ఏ పిల్లవాణ్ణయినా పిలిచినట్టు, పోరడు అనే పిలిచాం. వాడూ దానికే పలికేవాడు.