మా ఆవిడ బుగ్గలకు దిష్టి తీశారు

రెండేళ్ళుగా కీళ్ళ జబ్బుతో మంచం పట్టిన మా ఆవిడ, కొత్తగా వచ్చిన స్టిరాయిడ్ బిళ్ళలు వేసుకున్నాక లేచి తిరుగుతోంది. ముఖం కూడా గుండ్రంగా నిండింది. అందుకే ఈ రోజు పొద్దున గుంటూరు డాక్టరు గారికి దణ్ణం పెట్టబోయాను. ఆయన నన్ను పక్కకి పిలిచారు.

"అది ఒళ్ళు చెయ్యడం కాదయ్యా, మందు తెచ్చిన వాపు. లోపల ఎముకలు గుల్లబారుతున్నాయి. మెల్లమెల్లగా బిళ్ళలు తగ్గించాలి. నొప్పులు మళ్ళీ వస్తాయి, తప్పదు."

సాయంత్రం మిర్చి కొట్టు కట్టేసి వచ్చేసరికి పక్కింటి ఖాసింబీ ఎండుమిరపకాయలతో మా ఆవిడకి దిష్టి తీసి పొయ్యిలో వేస్తోంది.

"చూశావా అన్నా, ఒక్క దగ్గూ రాలేదు! ఊరి కళ్ళన్నీ వదిన బుగ్గల మీదే! ఏం పెడుతున్నావేంటి?"

మా ఆవిడ సిగ్గుపడుతూ, "ఏవండీ, పెళ్ళప్పుడు కూడా ఇంత బాగా లేను కదూ? ఓ ఫోటో తీయించండి" అంది.

ఆదివారం తీయిస్తానన్నాను. మిర్చి బస్తాలో రంగు పోయిన తాలు కాయలుంటే కొనేవాడి మొహం మీదే చెప్పేస్తాను. డాక్టరు గారి మాట మాత్రం నాలోనే దాచుకున్నాను.

అన్నం తిన్నాక రోజూ ఇచ్చే మూడు బిళ్ళలకు బదులు రెండే చేతిలో పెట్టాను. లెక్క చూసుకుని, "అయితే నాకు తగ్గిపోయినట్టేగా!" అని మురిసిపోయింది. అవునన్నాను. మీరైతే ఏమనేవారండీ?