రెండు దారుల లెక్క

మైకు సెట్టు పరీక్షించేటప్పుడు వచ్చే ఒకే శ్రుతి మోత చెవిన పడితే నాకు రాజ్యలక్ష్మి మేడమ్ గుర్తొస్తారు. ఈ ఉదయమూ అంతే. నరసరావుపేటలో నాది మైకు సెట్ల దుకాణం. ఆవిడ మా వీధిలోనే ఉండే రిటైరైన ఫిజిక్సు లెక్చరర్.

ఒక ఏడు కోటప్పకొండ తిరునాళ్లకు మా వీధివాళ్లు ఎత్తుగా కట్టి బండి మీద తీసుకెళ్లే ప్రభకు సౌండు కడుతూ, ఒక స్పీకరుకు తీగలు తారుమారుగా బిగించాను. రెండూ మోగుతున్నాయి, సరిగ్గా నడిమధ్య నిలబడితే మాత్రం మోత అణగిపోతోంది. అటుగా వచ్చిన మేడమ్ అక్కడే ఆగి నవ్వారు. "ఏందయ్యా, రెండు మోగి ఒకటీ వినపడకపోవటమా? చానా బాగుంది!" ఒకటి గాలిని నెట్టేటప్పుడు రెండోది లాగుతోందని, కలిపితే సున్నా అవుతోందని చెప్పారు.

అప్పటికి నేను ఫోనులో పాఠాలు చూస్తూ క్వాంటం కంప్యూటరు లెక్కలు నేర్చుకుంటున్నాను. ఇంటరు తప్పిన నేను నాకోసం మొదలుపెట్టిన చదువు అదొక్కటే. అదీ ఆగిపోయేలా ఉంది. ఆ యంత్రం అనేక లోకాల్లో ఒకేసారి లెక్క చేస్తుందని ఒక పాఠం. ఉన్నది ఒకే లోకం, మిగతాదంతా మనకు తెలిసింది రాసుకునే పద్ధతేనని ఇంకొకటి.

"ఏది నిజమో తెలియకుండా ముందుకెట్టా పోయేది మేడమ్? మానేద్దామనుకుంటున్నా."

"ముందు లెక్క చెయ్యి. తర్వాత మానేద్దువుగాని."

వాళ్ల వరండాలో కూర్చోబెట్టి ఒక్క క్యూబిట్‌తో, అంటే చూసినప్పుడు సున్నాగానో ఒకటిగానో తేలే ఆ యంత్రపు గడి ఒక్కదానితో, లెక్క చేయించారు. సున్నాతో మొదలుపెట్టి, సున్నా ఒకటి అనే రెండు దారులుగా చీల్చే ఒకే మార్పును రెండుసార్లు చేస్తే, ఒకటికి చేరే రెండు దారులూ ఎదురు గుర్తులతో వచ్చి, ఆ స్పీకర్ల మోతలాగే రద్దయ్యాయి. సున్నాకు చేరేవి కలిసి బలపడ్డాయి. ఇంటర్నెట్టు ద్వారా ఎక్కడో ఉన్న అసలు యంత్రం మీదా అదే లెక్కను చాలాసార్లు నడిపాం. దాదాపు అన్నీ సున్నాలే. అరుదుగా వచ్చిన ఒకట్లు యంత్రం పొరపాట్లన్నారు.

"అయితే ఆ రెండు పాఠాలవాళ్లలో ఎవరు గెలిచినట్టు మేడమ్?"

"ఇద్దరూ. పంచాయతీ ఎన్నికలప్పుడు చూళ్లేదూ, ఒకే ఫలితానికి రెండు పార్టీలూ టపాకాయలు కాలుస్తాయి. ఇద్దరి లెక్కా ఒకటే, జవాబూ ఒకటే."

"మరి మీరేవైపు?"

"నాకు చానా లోకాలంటేనే ఇష్టం. నీకో?"

"నాకు ఒక్కటి చాలు. దీని కరెంటు బిల్లే కట్టలేకపోతున్నా."

ఆవిడ పకపకా నవ్వారు. "ఇంకో లోకంలో నువ్వు నా మాట ఒప్పుకునే ఉంటావులే!"

ఆదివారాలు అలాగే గడిచాయి. వాదన తెగలేదు, చదువు ఆగలేదు. తెలియనిదాన్ని తెలియనిదిగానే పక్కన ఉంచి, తెలిసినంత మేర లెక్క చేయటంలో ఎంత సుఖముందో ఆవిడ దగ్గరే తెలుసుకున్నాను.

నిరుడు మేడమ్ పోయారు. ఆవిడ ఉన్న లోకం ఎక్కడో ఒకటి ఉంటే బాగుండునని ఆ వారం గట్టిగా అనిపించింది. కూర్చుని లెక్క మళ్లీ చేశాను. అది నా కోరిక వైపు మొగ్గలేదు, దానికి ఎదురూ చెప్పలేదు. కాసేపు చూసి, తర్వాతి లెక్క మొదలుపెట్టాను.