రూతమ్మ పొలం కింద నీళ్ళు

2022 నాటి సంగతి. అప్పటికి పన్నెండేళ్ళుగా బాపట్లలో ఒక భూసార పరీక్షా కేంద్రంలో పనిచేస్తున్నాను. ఉండేది తెనాలిలో. రోజూ రైలెక్కి వచ్చి, రైతులు తెచ్చిన మట్టిని ఎండబెట్టి, జల్లించి, పరీక్షించాలి. ఈసీ మీటర్ అని ఒక పరికరం ఉంటుంది. మట్టి కలిపిన నీళ్ళలో ముంచితే ఉప్పు ఎంతుందో చెబుతుంది. సంచి విప్పగానే నేలకున్న జబ్బు చెప్పేస్తానని అప్పట్లో నాకు కాస్త పొగరు.

ఆ వేసవిలో రేపల్లె అవతలి పల్లె నుంచి రూతమ్మ వచ్చింది. భర్త పోయాక రెండెకరాల వరి తనే చేసుకుంటోంది. చేలో తెల్లగా పొర కడుతోందని, పైరు ఎదగడం లేదని చెప్పింది. ఈసీ ఎక్కువే వచ్చింది. క్షారం తెలిపే పీహెచ్ మాత్రం మామూలుగానే ఉంది. అక్కడే ఆగి ఆలోచించాల్సింది. తెల్లపొర అనగానే చౌడు అనుకుని, క్షారం ఎక్కువున్న నేలకే పనికొచ్చే జిప్సం రాసిచ్చేశాను. పొలం చూడనేలేదు.

జనవరిలో మళ్ళీ వచ్చి వరి వెన్నులు నా బల్ల మీద పెట్టింది. సగానికి సగం తాలు.

"మీరు రాసిందే చల్లానండి. ఏంటండి ఇది?" అంది.

"మా మరిది రొయ్యల చెరువుకి ఇచ్చేద్దామంటున్నాడు. వచ్చే పంట కూడా ఇంతే అయితే నేనింక కాదనలేనండి. ఉప్పునీళ్ళు పెట్టిన నేలలో మళ్ళీ వరి నాటగలనా మేడంగారూ?"

సిగ్గుతో చచ్చిపోయాను. ఆదివారం వస్తానంటే, "ఆదివారం చర్చికెళ్ళాలండి, శనివారం రండి" అంది. రెండో శనివారం సెలవు కలిసొచ్చి రేపల్లె రైలెక్కాను.

పొలంలో ఆగర్ దించాను. మట్టిలోకి తిప్పుతూ దించే ఇనప పనిముట్టు అది. చేలో చుక్క నీరు లేదు. అయినా అడుగున్నర దిగేసరికి గుంటలో నీళ్ళు ఊరాయి. వేలు ముంచి నాలిక మీద పెట్టుకుంటే ఉప్పగా తగిలింది.

"అక్కా, పక్కన మురుగు కాలువ పారట్లేదేంటి?"

"ఎందుకు పారుద్దండీ, అడ్డం వేశాం కదా!" అంది గర్వంగా. "ఇసుక బస్తాలు నేనే దగ్గరుండి వేయించా. మేం కాలువ చివరోళ్ళం. మంచినీళ్ళు ఎప్పుడొస్తాయో తెలీదు. ఉన్న నీళ్ళని సముద్రంలోకి ఎవరు పోనిస్తారండి?"

గట్టు మీదే కూర్చుని చెప్పాను. మురుగు ఆగితే నేల కింద నీళ్ళు పైకి లేస్తాయి. ఎండాకాలంలో వత్తి నూనె పీల్చినట్టు మట్టి ఆ నీళ్ళను పైకి పీలుస్తుంది. నీరు ఆవిరై, ఉప్పు వేళ్ళ దగ్గరే మిగులుతుంది. అందుకే పొర, అందుకే తాలు.

ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "అయితే నా చేను నేనే పాడుచేసుకున్నానా?"

"మీరు నీళ్ళు ఆపారు, నేను చూడకుండా మందు రాశాను. ఇద్దరం కలిసే చేశాం లెండి."

"అయితే ఆ బస్తాలు ఇద్దరం కలిసే పీకుదాం పదండి" అని నవ్వేసింది.

మరిది ఒప్పుకోలేదు. "అడ్డం తీసేస్తే నారుమడికి నీళ్ళెక్కడివి మేడం?" అన్నాడు. అదీ న్యాయమే. వేసవంతా మురుగు వదిలేయాలని, మొదటి కాలువ నీళ్ళతో చేను నింపి ఆ నీళ్ళను బయటికి తీసి ఉప్పు కడిగేయాలని, నాట్ల వేళకు కావాలంటే మళ్ళీ అడ్డం వేసుకోవచ్చని చెప్పాను. "ఈ ఒక్క పంటేనండి" అన్నాడు ముభావంగా.

చిల్లులు పెట్టిన ప్లాస్టిక్ గొట్టం ఒకటి చేలో పాతించాను. రూతమ్మ వారం వారం అందులో కర్ర దించి, తడి ఎక్కడుందో ఫోన్లో చెప్పేది. మొదట రెండడుగులు. మే నెలాఖరుకి, "నాలుగు దాటిందండోయ్!" అని అరిచింది.

డిసెంబరులో ఆఫీసులో ఉండగా ఫోన్. "కోత అయిందండి. గింజ నిండుగా ఉంది."

"మీ మరిది ఏమంటున్నాడు?"

"ఏమంటాడండీ, వాడే బస్తాలకెత్తుతున్నాడు. చెరువోళ్ళని రావద్దని చెప్పేశాడు."

అమ్మయ్య! జనవరి నుంచి గుండెల మీద ఉన్న బరువు అప్పుడు దిగింది.

సంచిలో మట్టి వస్తుంది గానీ, దాని కింది నీళ్ళు రావు. ఇప్పుడు ఎవరొచ్చినా ముందు మీ చేలో ఎంత లోతున నీళ్ళు పడతాయి, మురుగు ఎటు పోతుంది అని అడుగుతాను. తెలీదంటే నేనే వెళ్ళి చూస్తాను. జిప్సం అని రాయడానికి నాకు అర నిమిషం కూడా పట్టలేదు. ఆ అర నిమిషానికి ఒక మనిషి పొలం చెరువైపోయేది.